ఒకే సంఘం, రెండు రిట్రీట్లు: టైమ్‌టేబుల్ తిరగరాసిన కేసు

ఈ కేసులోని క్రైస్తవ సంఘం ఏదో ఒక్క సంఘం కాదు. ఒకే తీరులో దెబ్బతిని, మరుసటి ఏడాది సర్దుకున్న కొన్ని ఉజ్జీవ రిట్రీట్ల (సంఘమంతా ఊరు దాటి వెళ్లి ప్రార్థనలో, వాక్యంలో గడిపే రోజుల) ప్రణాళికల్ని కలిపి, గుర్తుపట్టే వివరాలు తీసేసి, లెక్కకు వీలుగా ఒకే కేసుగా కూర్చాం. పాల్గొన్నవాళ్లు 96 మంది. అందులో పెద్దలు 60, పదిహేను నుంచి 22 ఏళ్ల మధ్య యువత 36. శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం మధ్యాహ్నం 1 దాకా, అంటే 43 గంటలు. రెండేళ్లూ అదే స్థలం, అంతే నిడివి, ముఖ్య ప్రసంగీకుడు కూడా ఆయనే. మారిందల్లా ఆ 43 గంటల్ని పంచిన తీరు.

మొదటి ఏడాది

రిట్రీట్ బ్రహ్మాండంగా జరిగిందనే అందరూ అన్నారు. శనివారం రాత్రి ప్రార్థన ఒంటిగంట దాకా సాగింది. యువతలో చాలామంది ముందుకొచ్చి మోకరించారు, ఏడ్చారు. ఇద్దరు అక్కడికక్కడే పూర్తికాల సేవకు సమర్పించుకున్నారు. వచ్చాక సంఘంలో వరసగా సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసినదాన్ని నలుగురి ముందూ, చెప్పించారు. నాలుగో ఆదివారానికి యవ్వనస్తుల కూటం హాజరు రిట్రీట్‌కు ముందు ఎంత ఉండేదో అంతకే దిగింది. సమర్పించుకున్న ఇద్దరిలో ఒక అబ్బాయి అసలు రావడమే మానేశాడు. నలుగురి ముందూ అన్నమాట నిలబెట్టుకోలేకపోతున్నానన్న సిగ్గు అతన్ని మందిరం గుమ్మం ఎక్కనివ్వలేదు.

సమీక్షలో 'ఫాలో-అప్ లోపం' అని ఒక్క ముక్క రాసి దస్త్రం మూసేశారు. ఫాలో-అప్ లేని మాట నిజమే. కానీ తప్పు అంతకంటే ముందే, టైమ్‌టేబుల్ కాగితం మీదే జరిగింది. గంటల్ని పద్దుల కింద కూడితే ఇలా తేలింది: రెండు రాత్రుల నిద్ర కలిపి 9 గంటలు, ప్రసంగాలు 9, పాటలూ ఉమ్మడి ప్రార్థనా 11, భోజనాలూ స్నానాలూ 8, చిన్న గుంపుల్లో మాటలు 2, ప్రకటనలూ ఆలస్యాలూ ఆటలూ కలిపి మూడున్నర. ఒంటరిగా, మౌనంగా దేవుని సన్నిధిలో కూర్చున్నది అరగంట. ఏకాంతం కోసం ఊరు దాటి వెళ్లినవాళ్లకు 43 గంటల్లో దొరికిన ఏకాంతం అంతే.

నిద్ర లెక్క మరీ అన్యాయం. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఐదున్నరకు లేవాలి. పెద్దలకు కనీసం 7 గంటలు, టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పైగా ఆ వయసులో నిద్ర వేళ సహజంగానే అర్ధరాత్రి వైపు జరుగుతుంది, కాబట్టి తెల్లవారుజామున లేపితే పోయేది వాళ్లకు అత్యవసరమైన నిద్రే. నిద్ర తక్కువైన మనిషికి భావోద్వేగాల మీద పట్టు సడలుతుంది. ఏడుపు, భయం, ఆనందం అన్నీ పైపైనే ఉంటాయి. శనివారం అర్ధరాత్రి కన్నీళ్లలో ఎంత పశ్చాత్తాపం, ఎంత అలసట అన్నది ఆ గదిలో ఎవరూ విడదీసి చెప్పలేరు. కన్నీళ్లను అనుమానించాలని కాదు. విడదీయలేని పరిస్థితిని నిర్వాహకులే తయారుచేసి, తర్వాత దాన్ని ఆత్మ కార్యంగా లెక్క రాసుకోవడమే అభ్యంతరం.

బైబిలులో 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా విషయంలో జరిగిన వరస చూడండి. రాణి యెజెబెలుకు భయపడి పారిపోయి, ప్రాణం విసిగి, బదరీ వృక్షం కింద పడుకున్న ప్రవక్తకు మొదట ప్రసంగం అందలేదు. నిద్రపోయాడు. దూత తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి తినిపించాక ప్రయాణం. 'ఇక్కడేం చేస్తున్నావు' అన్న ప్రశ్న హోరేబు కొండ చేరాకే వచ్చింది. మార్కు 6:31లో శిష్యుల్ని ఏకాంత స్థలానికి రమ్మన్నది కూడా, తినడానికైనా తీరిక లేనంతగా జనం వచ్చిపోతున్నందుకే. ఈ రెండు భాగాల మీదా రిట్రీట్లలో ప్రసంగాలు చేస్తారు, ఆ ప్రసంగాల కోసం నిద్ర తగ్గిస్తారు.

రెండో ఏడాది గంటల పంపకం

నిద్ర 16 గంటలు: రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పి, ఉదయం ఆరున్నరకు గంట. ప్రసంగాలు ఐదే, ఒక్కొక్కటి 30 నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. మౌనం 4 గంటలు. చిన్న గుంపులు మూడున్నర. పాటలు, ఉమ్మడి ప్రార్థన, ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) కలిపి 5. భోజనాలూ తయారవడాలూ మునుపటిలాగే 8. వ్యక్తిగత ప్రార్థన, నడక, ఆటలు, ఊరికే కూర్చోవడం కలిపి 4.

తొమ్మిది ప్రసంగాల్ని ఐదుకు తగ్గించడమే అన్నిటికన్నా కష్టమైంది. ప్రసంగీకులు ఒప్పుకోరని కాదు, కమిటీయే ఒప్పుకోదు. 'ఇంత దూరం తీసుకెళ్లి వాక్యం తక్కువ పెడతారా' అని అడుగుతారు. దీనికి పాత జవాబే ఉంది. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా కూర్చిన ఆధ్యాత్మిక సాధనలకు 1548లో పోపు మూడో పౌలు ఆమోదం ఇచ్చారు. వాటి ముందుమాటలుగా ఉన్న 20 సూచనల్లో రెండోది ఇదే: నడిపించేవాడు లేఖన భాగాన్ని క్లుప్తంగా చెప్పి వదిలెయ్యాలి, ఎందుకంటే మనిషి తనంతట తాను కనుగొన్నదే లోపల రుచిస్తుంది. ఆ సాధనల పూర్తి రూపం సుమారు 30 రోజులు. ముప్పై రోజుల వాళ్లే క్లుప్తంగా చెప్పమంటుంటే రెండు రాత్రుల రిట్రీట్‌లో తొమ్మిది గంటల ఉపదేశం ఎందుకో కమిటీ తేల్చుకోవాలి.

ఐదు ప్రసంగాల వరసకు ఇంగ్లండులో 1875లో మొదలైన కెస్విక్ కన్వెన్షన్ అనే బైబిలు కూటాల పద్ధతి ఆధారం. అక్కడ రోజుకో మెట్టుగా పాపం, క్రీస్తులో పరిహారం, సమర్పణ, ఆత్మపూర్ణత, సేవ అని నడిచేది. వారం రోజుల మెట్లను 43 గంటల్లోకి కుదిస్తే సమర్పణ మరీ తొందరగా వచ్చేస్తుంది. అందుకని మొదటి మెట్టు ముందు ఇంకోటి చేర్చి, చివరి రెండిటినీ కలిపేశారు. శుక్రవారం రాత్రి 'విశ్రాంతి' (మూడే వచనాల కీర్తన 131), శనివారం ఉదయం 'దాచుకున్నది', ఆ తర్వాత 'క్షమాపణ', సాయంత్రం 'నన్నేమి చేయమంటావు', ఆదివారం ఉదయం 'ఇంటికి తిరిగి వెళ్లడం'. పిలుపు గురించి మాట్లాడేసరికి మనిషి ఒక రాత్రి పూర్తిగా నిద్రపోయి, కనీసం మూడుసార్లు మౌనంలో కూర్చుని ఉంటాడు.

ఒక్కో ప్రసంగం చుట్టూ ఒకే చక్రం. ప్రసంగం 30 నిమిషాలు, వెంటనే మౌనం 20, తర్వాత చిన్న గుంపు 40, లేచి నీళ్లు తాగడానికి 10. మొత్తం 100 నిమిషాలు. ప్రసంగానికీ మౌనానికీ మధ్య పాట పెట్టకూడదు, ప్రకటన పెట్టకూడదు. ఈ ఒక్క నియమం కోసం టైమ్‌కీపర్ అనే బాధ్యతను విడిగా పెట్టారు. అతని పని పాటలో నుంచి, ప్రకటనల్లో నుంచి నిమిషాలు కోసి మౌనాన్ని కాపాడటం. శనివారం సాయంత్రం ప్రసంగం 18 నిమిషాలు ఎక్కువ నడిచింది. టైమ్‌కీపర్ రాత్రి పాటల్లో రెండు తీసేశాడు, మౌనం 20 నిమిషాలూ ఉండిపోయింది. మొదటి ఏడాది ఇలాంటి ఆలస్యాలన్నీ తినేసింది మౌనాన్నే, ఎందుకంటే కాగితం మీద అదొక్కటే 'ఖాళీ'గా కనిపించేది.

పెద్దలూ యువతా: ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి

మొదటి ఏడాది అన్నీ కలిపే పెట్టారు. ప్రసంగీకుడు దాంపత్యం గురించి ఉదాహరణ చెబితే యువత దిక్కులు చూసింది, పరీక్షల గురించి చెబితే పెద్దలు కునికారు. అంతకంటే పెద్ద ఇబ్బంది చిన్న గుంపుల్లో వచ్చింది. తల్లి ఉన్న గుంపులో కూతురు నోరు విప్పలేదు, కూతురు ఉన్న గుంపులో తల్లీ విప్పలేదు.

రెండో ఏడాది రెండో, మూడో ప్రసంగాలు పెద్దలకూ యువతకూ విడివిడిగా, ఒకే అంశం, ఒకే లేఖనం మీద ఇద్దరు వేర్వేరు ప్రసంగీకులతో నడిచాయి. మొదటిది, నాలుగోది, ఐదోది ఉమ్మడి. రాత్రి ప్రార్థన, ప్రభువు బల్ల కూడా ఉమ్మడే. అందరూ వేర్వేరుగా వెళ్లి ఒకే బల్ల దగ్గరికి రావాలన్నది ఉద్దేశం.

గుంపుల లెక్క: పెద్దలకు 8 గుంపులు, ఒక్కోదానిలో 7 లేక 8 మంది, ఒక నాయకుడు. యువతకు 6 గుంపులు, ఒక్కోదానిలో ఆరుగురు, ఇద్దరు నాయకులు. మొత్తం 20 మంది నాయకులు. తల్లిదండ్రులు తమ పిల్లల గుంపుకు నాయకులు కాకూడదు. పక్కింటివాళ్లూ బడి టీచరూ కూడా కాకుండా చూస్తే ఇంకా మంచిది. గుంపు పది దాటితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. ఐదు లోపైతే మౌనంగా ఉండాలనుకున్నవాళ్లకు దాక్కునే చోటుండదు.

నాయకుల శిక్షణ ముందు పది వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి గంటన్నర. అందులో సగం వినడం నేర్చుకోవడానికే పోయింది. అయినా మొదటి రోజు పెద్దల గుంపుల్లో కొన్ని 12 నిమిషాల్లో ముగిసిపోయాయి. 'ఈ ప్రసంగంలో ఏం నేర్చుకున్నారు' అని అడిగితే సంఘంలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఉంటుంది, అది చెప్పేసి కుర్చీ వెనక్కి వాలతారు. శనివారం ఉదయం ప్రశ్న మార్చారు: 'ఏ మాట దగ్గర ఆగిపోయారు? ఏ మాట దగ్గర విసుగొచ్చింది?' విసుగు గురించి అడగొచ్చని తెలిశాక ముఖ్యంగా మగవాళ్ల గుంపుల్లో మాట కదిలింది. నాయకుడికి ఇంకో నియమం ఉంది: ఎవరైనా మాట్లాడి ఆగగానే లేఖనం చెప్పి సరిదిద్దకూడదు, ఐదంకెలు లెక్కపెట్టి, 'ఇంకేమైనా ఉందా అండీ' అని మాత్రమే అడగాలి.

మౌనం నేర్పించాలి

'వెళ్లి ఒక గంట దేవునితో గడపండి' అని పంపిస్తే పెద్దల్లో సగం మంది పది నిమిషాలకు చెట్టు కింద చేరి సంఘం సంగతులు మాట్లాడుకుంటారు, యువత నిద్రపోతుంది. ఇది భక్తిలేనితనం కాదు. చేతిలో ఏమీ లేకుండా గంట మౌనం అలవాటు లేనివాళ్లకు మోయరాని బరువు. అందుకని ప్రతి మౌనానికీ నాలుగు వస్తువులు ఇచ్చారు: పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన చిన్న లేఖన భాగం, మూడు ప్రశ్నలు, పెన్సిలు, తెల్ల కాగితం. లేఖనం పది వచనాలు దాటదు. పెద్దలకు యోహాను 21:15-19, పేతురును ప్రభువు మూడుసార్లు అడిగిన భాగం, ఐదు వచనాలు. యువతకు మార్కు 10:46-52, గుడ్డి బర్తిమయి, ఏడు వచనాలు. మొదటిసారి నెమ్మదిగా చదవడం, రెండోసారి ఆగిన మాట కింద గీత గీయడం, మూడోసారి ఆ మాటనే ప్రార్థనగా మార్చడం. ప్రశ్నలు కూడా జవాబు రాసేటంత చిన్నవే. ఉదాహరణకు బర్తిమయి భాగానికి: 'ఊరుకోమన్నది ఎవరు? నిన్ను ఊరుకోమనేది ఏది? యేసు నిన్ను అదే ప్రశ్న అడిగితే మొదట నోటికొచ్చే మాట ఏది?'

యువతకు నిడివి మెట్లుగా పెంచారు. శుక్రవారం రాత్రి 8 నిమిషాలు, శనివారం ఉదయం రెండుసార్లు 15, మధ్యాహ్నం 25, ఆదివారం 25. కలిపితే 88 నిమిషాలు, అంటే దాదాపు గంటన్నర. పెద్దల నాలుగు గంటల్లో మిగిలిన సమయం యువతకు ఆటకూ శారీరక పనికీ వెళ్లింది. ఎనిమిది నిమిషాలు మరీ తక్కువ కదా అనిపిస్తుంది. ఫ్రాన్సులోని తెయ్‌జే సమాజానికి ప్రతి ఏడూ వేలకొద్దీ యువత వెళ్తారు, అక్కడి ఉమ్మడి ప్రార్థన మధ్యలో మౌనం కూడా దాదాపు ఆ మాత్రమే ఉంటుంది. రోజుకు మూడు పూటలా అదే పునరావృతం కావడంలో దాని బలముంది.

హద్దులు స్పష్టంగా చెప్పాలి: ఎక్కడిదాకా వెళ్లొచ్చు, గంట ఎన్నిసార్లు మోగుతుంది, ఒక్కో బెంచీ మీద ఒక్కరే. మధ్యాహ్నం 2 నుంచి 3 మధ్య మౌన ధ్యానం పెట్టడం దండగ, కళ్లు మూతపడతాయి. ఆ గంట విశ్రాంతికి వదిలేసి, 3 తర్వాత నడుస్తూ చేసే మౌనం పెట్టారు.

మౌనం అందరికీ మంచి చేయదని కూడా నాయకులకు తెలిసుండాలి. ఇటీవల అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు, తీవ్రమైన ఆందోళనతోనో కుంగుబాటుతోనో ఉన్నవాళ్లకు గంటసేపటి నిశ్శబ్దం లోపలి గొంతుల్ని పెద్దవి చేస్తుంది. అలాంటివాళ్లకు ఒక తోడునిచ్చి నడకకో, తోట పనికో, వంటింట్లో సాయానికో పంపడం సరైన మార్గం. ఇందుకే నమోదు పత్రంలో ఆరోగ్యం, మందులు, అలర్జీలు, అత్యవసర ఫోను నంబరు, 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల సంతకంతో పాటు 'ఈ మధ్య భారంగా గడిచినదేమైనా ఉందా' అన్న ఒక వరస పెట్టారు. ఆ పత్రాలు చదివేది ఇద్దరే.

ఫోన్లు

మొదటి ఏడాది యువత ఫోన్లు మాత్రమే డబ్బాలో వేయించారు. పెద్దలు తమవి జేబుల్లో ఉంచుకున్నారు. దాని ఫలితం చెప్పనక్కర్లేదు. రెండోసారి నియమం పాస్టరుగారితో సహా అందరికీ ఒకటే. అంకె వేసిన కవర్లలో ఫోన్లు తీసుకున్నారు. ఇంట్లో పసిపిల్లలో రోగులో ఉన్నవాళ్లకు శనివారం సాయంత్రం 15 నిమిషాల విరామం. నిర్వాహకుల నంబర్లు రెండు వారం ముందే ఇళ్లకు పంపారు. ఫోను తీసుకుంటే బైబిలూ అలారమూ చేతివాచీ కూడా పోతాయన్న సంగతి చాలామంది నిర్వాహకులకు శుక్రవారం రాత్రి దాకా తట్టదు. అచ్చు బైబిళ్లు 30, గోడ గడియారాలు 4, ఉదయం గంట కొట్టే మనిషి ఒకరు, ఇవి జాబితాలో ఉండాలి.

శనివారం రాత్రి

రిట్రీట్ మొత్తానికీ ప్రమాదకరమైన గంట ఇదే. మొదటి ఏడాది ఆల్టర్ కాల్ (నిర్ణయం తీసుకున్నవాళ్లను ముందుకు రమ్మనే పిలుపు) దాదాపు రెండు గంటలు నడిచింది. వెనక కీబోర్డు ఆగకుండా మోగుతూనే ఉంది. 'ఇంకా ఒకరున్నారు, దేవుడు నాకు చూపిస్తున్నాడు' అన్న మాట మూడుసార్లు వచ్చింది. ముందుకొచ్చిన ముప్పై మందికి పైగా జనంతో మాట్లాడటానికి ముగ్గురే ఉన్నారు, అప్పటికి రాత్రి పదకొండున్నర. ఒక అమ్మాయి ఇంట్లో తనకు జరుగుతున్న హాని గురించి మైకుకు పది అడుగుల దూరంలో చెప్పింది. విన్నామె భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపేసింది. తర్వాత ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియదు.

రెండో ఏడాది రాత్రి ప్రార్థన 8:30 నుంచి 9:30 దాకా, అంతే. ప్రసంగం లేదు. ఆహ్వానం తర్వాత వాద్యాలు ఆగిపోయాయి. ఇందులో మా అభిప్రాయం గట్టిది: నిర్ణయం తీసుకునే నిమిషంలో వెనక సంగీతం పెట్టడం మనిషి నోట జవాబు పెట్టడమే. మూడు దారులు సమానంగా చెప్పారు. కూర్చున్నచోటే ఉండొచ్చు. చీటీ మీద రాసి ఇవ్వొచ్చు. మరుసటి ఉదయం ఎవరితోనైనా మాట్లాడతానని పేరు ఇవ్వొచ్చు. కళ్లు మూయించి చేతులెత్తించి లెక్కపెట్టడం మానేశారు.

పూర్తికాల సేవకు సమర్పణ అక్కడికక్కడ తీసుకోలేదు. రాసి కవరులో పెట్టి అంటించి ఇస్తే, 30 రోజుల తర్వాత ఆ వ్యక్తీ పాస్టరుగారూ కలిసి తెరుస్తారు. ఇక్కడ కూడా ఇగ్నేషియస్ 14వ సూచన పనికొచ్చింది. మనిషి ఆదరణతో, ఉత్సాహంతో ఉప్పొంగుతున్నప్పుడు తొందరపడి మొక్కుకోకుండా నడిపించేవాడు ముందే హెచ్చరించాలని అది చెబుతుంది. పిలుపు నిజమైతే నెల రోజులకు ఆరిపోదు. ఆరిపోతే, మొదటి ఏడాది సంఘానికి రావడం మానేసిన అబ్బాయికి మిగిలిన సిగ్గు ఇంకొకరికి మిగలదు.

వ్యక్తిగత ప్రార్థనను పగటిపూటకు మార్చారు. నాలుగు చోట్ల ఇద్దరేసి, మొత్తం ఎనిమిది మంది. ఒక్కొక్కరికి 20 నిమిషాలు, మధ్యలో 5. విశ్రాంతి వేళ 2:00 నుంచి 2:50 దాకా రెండు విడతలు, 3:00 నుంచి 5:30 దాకా ఆరు విడతలు. ఎనిమిది విడతలు, నాలుగు చోట్లు, అంటే 32 మంది. నమోదులో అడిగినవాళ్లు కూడా సుమారు మూడోవంతే కాబట్టి సరిపోయింది. అయితే శనివారం పొద్దున పెట్టిన జాబితా గంటలో పెద్దల పేర్లతో నిండిపోయింది, యువత పేర్లు రెండే. పిల్లలు నిర్ణయించుకోవడానికి సమయం తీసుకుంటారు, జాబితా అందరి కళ్లముందు ఉంటే అసలు రాయరు. ఆ 32 అవకాశాల్లో 12 యువతకు అట్టిపెట్టి, పేర్లు గుంపు నాయకుల చెవిలో చెబితే చాలన్నాక అవి మధ్యాహ్నానికి నిండాయి.

భద్రత నియమాలు గోడకు అంటించి వదిలేసేవి కావు, శిక్షణలో నోటితో పలికించాలి. 18 లోపువాళ్లతో ఏ పెద్దా ఒంటరిగా గదిలో ఉండకూడదు. నలుగురికీ కనిపించే చోట, వినపడనంత దూరంలో కూర్చోవాలి. రహస్యంగా ఉంచుతానని ముందే మాటివ్వకూడదు. 'నువ్వు చెప్పేది విని నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదముందని అనిపిస్తే సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, నీకు చెప్పే చేస్తాను' అన్న వాక్యాన్ని ప్రతి నాయకుడి చేతా పదిసార్లు అనిపించారు. హాని గురించి విన్న వెంటనే బాధ్యురాలిగా నియమించిన ఒక్క వ్యక్తికే చెప్పాలి, ఆమె ఆ ప్రాంతపు చట్టం ప్రకారం అధికారులకు తెలియజేస్తుంది. విచారణ చేయడం, ఇంటివాళ్లను పిలిపించి రాజీ కుదర్చడం సంఘం పని కాదు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకూడదు, వైద్య సాయం పిలవాలి, ప్రార్థన దానికి తోడుగా నడుస్తుంది. మందులు మానెయ్యమని ఎవరూ, ఎంత విశ్వాసంతోనైనా, అనకూడదు. ఉపవాసం విషయంలోనూ అంతే: మధుమేహం ఉన్నవాళ్లు, గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు, 18 లోపువాళ్లు, తిండి విషయంలో ఇబ్బందులు పడ్డవాళ్లు పూర్తి ఉపవాసం చేయకూడదని మొదటి రాత్రే చెప్పారు. ఎవరు తింటున్నారో ఎవరు తినట్లేదో తెలియకుండా భోజనశాల అందరికీ తెరిచే ఉంచారు.

సాక్ష్యాలు

ఏడు నిమిషాలు, ముందే రాసి ఒకరికి చదివి వినిపించినవి మాత్రమే. పాత జీవితానికి రెండు నిమిషాలు చాలు. అయిదు నిమిషాలు దానికే ఇస్తే యువతకు గుర్తుండేది అదే. ఇంట్లోవాళ్ల ప్రస్తావన వస్తే వాళ్ల అనుమతి ఉండాలి. ఇంకా మానని గాయం గురించి వేదిక మీద చెప్పించకూడదు. మొదటి ఏడాది ఒకాయన భార్య హాల్లో ఉండగానే తమ గొడవంతా చెప్పాడు. ఆమె ఆదివారం ఉదయం కూటానికి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం తర్వాత

స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో 1940లలో పుట్టిన కుర్సిల్యో ఉద్యమం నుంచి ఇప్పటి మూడు రోజుల రిట్రీట్లు చాలా వచ్చాయి. వాళ్లు మూడు రోజుల తర్వాత వచ్చే జీవితమంతటినీ 'నాలుగో రోజు' అంటారు, దాని కోసం చిన్న గుంపులుగా క్రమం తప్పకుండా కలుస్తారు. ఆ మూడు రోజుల నమూనాను తీసుకున్న చాలా సంఘాలు నాలుగో రోజును అక్కడే వదిలేశాయి.

ఈ కేసులో నాలుగో రోజు ప్రణాళిక రిట్రీట్ ప్రణాళికతో పాటే తయారైంది. అవే చిన్న గుంపులు, అవే నాయకులు, ఆరు వారాలు, వారానికి గంట. మొదటి సమావేశం ఏడు రోజుల్లోపే జరగాలి. చోటూ వేళా ఆదివారం మధ్యాహ్నం బయల్దేరకముందే ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసుకోవాలి. 'వెళ్లాక మెసేజ్ పెడతాం' అన్న గుంపుల్లో ఒకటి కలవనే లేదు. 72 గంటల్లోపు నాయకుడు ప్రతి ఒక్కరికీ ఫోను చెయ్యాలి, రెండు నిమిషాలు చాలు, అడగాల్సింది 'నిద్ర పట్టిందా, ఇంట్లో ఎలా ఉంది' అని. రిట్రీట్ తర్వాత మూడోరోజో నాలుగోరోజో నీరసం, చిరాకు రావడం మామూలే. అది దేవుడు దూరమయ్యాడనడానికి గుర్తు కాదని ఆదివారం ప్రసంగంలోనే చెప్పి పంపారు.

సంఘంలో సాక్ష్యాలు మూడు వారాలు ఆపారు. వెంటనే చెప్పిస్తే రానివాళ్లు తాము రెండో తరగతి విశ్వాసులమనుకుంటారు. చెప్పినవాళ్లేమో తమ మాటకు తామే బందీలవుతారు. యువతలో ప్రతి ఒక్కరికీ తమ ఇంటివాళ్లు కాని ఒక పెద్దవారిని జత చేశారు, నెలకొకసారి నలుగురిలో కలిసేలా. ఇది పూర్తిగా కుదరలేదు. 36 జతలకు సరిపడా పెద్దలు దొరక్క ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గుర్ని అప్పగించారు, మూడో నెలకు కొందరు జారిపోయారు. మళ్లీ చేస్తే యువత సంఖ్యను దొరికిన పెద్దలకు సరిపడా పెట్టుకోవడం మేలు.

ముందుకొచ్చినవాళ్ల సంఖ్య ఏ నివేదికలోనూ రాయలేదు. రెండో, నాలుగో, ఆరో వారాల్లో చిన్న గుంపుకు వచ్చినవాళ్లెవరో మాత్రం రాశారు. నాలుగో వారం దగ్గర హాజరు తగ్గింది, కాబట్టి ఆ వారానికి చదువు పెట్టకుండా గుంపంతా కలిసి చేసే ఒక పని, సంఘంలో ఎవరికైనా ఇంటి సాయమో రోగిని చూసి రావడమో పెట్టడం ఇప్పుడు మార్పుల జాబితాలో ఉంది.

చివరగా కవర్ల సంగతి. ఆదివారం ఐదో ప్రసంగం తర్వాత ప్రతి ఒక్కరూ తమకు తామే ఒక ఉత్తరం రాసుకుని, అంటించి, పైన చిరునామా రాసి ఇచ్చారు. నలభయ్యో రోజున పోస్టు చెయ్యాలి. మూడు జాగ్రత్తలు: కవరు అక్కడే అంటించాలి, లేకపోతే ఎవరో చదువుతారన్న భయంతో ఉత్తుత్తి మాటలు రాస్తారు. చిరునామాను నమోదు పత్రంతో సరిచూడాలి, హాస్టల్లో ఉండే యువత అలవాటుగా ఇంటి చిరునామా రాస్తారు, అప్పుడు కవరు తల్లిదండ్రుల చేతికి వెళ్తుంది. ఇక పోస్టు చేసే బాధ్యత ఒక్కరి పేరు మీద, తేదీతో సహా, క్యాలెండర్లో ఉండాలి. మొదటి ఏడాది కూడా ఉత్తరాలు రాయించారు. ఆ కట్ట రెండో ఏడాది సామాను సర్దుతుంటే మైకు పెట్టె అడుగున దొరికింది.